టెక్సాస్ పన్ను వేలంలో మిగిలిన సొమ్ము: ఎవరికి ముందు, ఎవరికి ఆఖర్న?

కృష్ణాతీరం:

నమస్కారమండి. డాలస్ దగ్గర ఒక కౌంటీలో మా బావగారి పేరున, వాళ్ళ నాన్నగారి పేరున చెరిసగంగా ఒక ఖాళీ ప్లాటు ఉండేది. ఆస్తి పన్ను బకాయి కింద 2025 జూన్ 3న కాన్‌స్టేబుల్ (కౌంటీ అధికారి) వేలంలో 96,000 డాలర్లకు పోయింది. డిక్రీ ప్రకారం పన్ను, పెనాల్టీ, వడ్డీ కలిపి 19,860. ప్రకటన, కాన్‌స్టేబుల్ ఫీజు వగైరా ఖర్చులు 4,640. మిగిలిన 71,500 జూన్ 20న డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర జమైనట్టు కేసు రికార్డులో ఉంది.

బావగారు ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నారు. క్లర్కు పంపిన నోటీసు పాత అద్దె ఇంటికి వెళ్ళి తిరిగొచ్చింది. ఒక రికవరీ కంపెనీ వాళ్ళు మాత్రం జూలై మొదటి వారంలోనే మెయిల్ పెట్టారు: 'సొమ్ము మేం ఇప్పిస్తాం, 35 శాతం మాది, జతచేసిన అసైన్‌మెంట్ (హక్కు బదలాయింపు పత్రం) మీద సంతకం చేసి పంపండి' అని.

బాకీల సంగతి: హెచ్‌ఓఏకి (కాలనీ యజమానుల సంఘానికి) 5,900. బావగారి ఒక్కరి మీద పాత క్రెడిట్ కార్డు తీర్పు 8,000, అది కౌంటీలో రికార్డయి ఉంది. 2024 సంవత్సరం పన్ను 4,100 డిక్రీలో కలవలేదు.

పంపకం ఏ వరసలో జరుగుతుంది? ఆ కంపెనీ కాగితం మీద సంతకం పెట్టొచ్చా? బావగారు నాకు జీపీఏ ఇచ్చారు, నేను అర్వింగ్‌లో ఉంటాను, నేనే కోర్టులో వేయొచ్చా?

---

దస్తావేజు:

ముందు సంతకం సంగతి. పెట్టకండి. టెక్సాస్ ట్యాక్స్ కోడ్ సెక్షన్ 34.04 తెరిచి చదవండి, పెద్దదేమీ కాదు. సొమ్ము కోర్టు రిజిస్ట్రీలో (క్లర్కు దగ్గరుండే కోర్టు ఖాతాలో) జమైన తర్వాత 36వ రోజు రాకముందు ఓనరు హక్కును ఎవరూ అసైన్‌మెంట్ రాయించుకోకూడదు. జూన్ 20న జమైతే 36వ రోజు జూలై 26. వాళ్ళు జూలై మొదటి వారంలో పంపిన కాగితం మీద అప్పుడే సంతకం పెట్టించుకుని ఉంటే అదే తప్పు. ఆ తర్వాత రాయించుకున్నా, రాయించుకున్న రోజునే ఓనరు క్లెయిములో కనీసం 80 శాతం అతని చేతిలో పెట్టాలి. రేపు కోర్టు నుంచి వాళ్ళకు వచ్చేది కూడా తాము చెల్లించినదానికి 125 శాతం మించకూడదు. 'ముందు సంతకం, డబ్బు వచ్చాక మీ 65 శాతం' అన్న బేరం ఈ చట్రంలో ఎక్కడా ఇమడదు.

ఫీజు మాట కూడా అదే సెక్షన్‌లో ఉంది. లాయరు కానివాడు ఓనరుకు మిగులు సొమ్ము ఇప్పించడానికి పైసా ఫీజు తీసుకోకూడదు. లాయరైతే వచ్చినదానిలో 25 శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అది. 71,500 మీద 35 శాతం అంటే 25,025 డాలర్లు. చట్టం లాయరుకిచ్చిన గరిష్ఠం వెయ్యి. తేడా చూసుకోండి.

ఇక వరస. వేలం డబ్బులోంచి మొదట ఖర్చులు, తర్వాత డిక్రీలోని పన్నులు తీరిపోతాయి. మీ లెక్కలో 19,860, 4,640 కలిపిన 24,500 అదే. అక్కడిదాకా కోర్టుతో పనిలేదు. క్లర్కు దగ్గరున్న 71,500కి మాత్రం హియరింగులో జడ్జి ఇలా చూస్తారు: వేలమే చెల్లదని తీర్పు వచ్చి, కొన్నవాడు పన్ను సంస్థల మీద దావా గెలిచి ఉంటే అతనికి మొదటి హక్కు. అలాంటిది లేకపోతే డిక్రీ తర్వాత బకాయి పడిన పన్నులకు, లేదా పొరపాటున డిక్రీలో వదిలేసిన పన్నులకు. ఆ తర్వాత లియెన్ (బాకీ కింద ఆస్తి మీద పడే హక్కు) ఉన్నవాళ్ళకు, వాళ్ళలో వాళ్ళకు ఎవరిది ముందో ఆ వరసలో. డిక్రీలో ఉండి వేలం డబ్బుతో తీరని పన్ను ఏదైనా ఉంటే ఆపైన అది (మీకు లేదు). అందరూ అయ్యాక ఆఖర్న పాత ఓనర్లు, ఎవరి వాటా వాళ్ళకు.

ఇక్కడ చాలామంది తప్పుపోయేది ఒకటుంది. క్రెడిట్ కార్డు తీర్పు బావగారి ఒక్కరి మీదే కాబట్టి, దాని లియెన్ ఆయన సగం మీదే పడుతుంది. నాన్నగారి సగాన్ని అది ముట్టదు. కాబట్టి లెక్క ఇలా వేయండి:

71,500 నుంచి 2024 పన్ను 4,100 తీస్తే 67,400.
హెచ్‌ఓఏ 5,900 (ఇది మొత్తం ప్లాటు మీద) తీస్తే 61,500.
సగం సగం అంటే 30,750 చొప్పున.
బావగారి సగంలోంచి 8,000 పోతే ఆయనకు 22,750. నాన్నగారి వాటా 30,750 అలాగే ఉంటుంది.

మొత్తం నుంచి 8,000 ముందే తీసేసి మిగిలింది చెరిసగం చేస్తే నాన్నగారి వైపు 4,000 ఊరికే పోతుంది. ప్రతిపాదిత ఆర్డరు రాసేటప్పుడు ఈ పొరపాటు దొర్లితే, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే, జడ్జి అలాగే సంతకం చేసేస్తారు.

ఇంకొక్క మాట: కోర్టు ఇచ్చేది క్లెయిము వేసి రుజువు చూపినవాళ్ళకే. హెచ్‌ఓఏ గానీ కార్డు బ్యాంకు గానీ కదలకపోతే వాళ్ళ తరఫున జడ్జి డబ్బు తీసి పక్కన పెట్టరు. అలాగని వాళ్ళకు తెలియకుండా మీరు కానిచ్చేద్దామంటే కుదరదు, ఎందుకో కింద ఫ్రిస్కో గారు చెబుతారనుకుంటా.

---

ఫ్రిస్కో_పట్టా:

చెబుతాను. పిటిషన్ కాపీ అసలు పన్ను దావాలో పార్టీలుగా ఉన్న అందరికీ హియరింగుకు కనీసం 20 రోజుల ముందు అందజేయాలి. పన్ను సంస్థల లాయరు, హెచ్‌ఓఏ, తీర్పు లియెన్ ఉన్న బ్యాంకు, జాడ తెలియని ప్రతివాదుల తరఫున కోర్టు నియమించిన లాయరు (అటార్నీ యాడ్ లైటం), అందరికీ. ఒక్కరిని వదిలినా హియరింగు వాయిదా. ఈ కేసుల్లో ఆలస్యానికి నేను చూసినంతలో మొదటి కారణం ఇదే. డిక్రీ మొదటి పేజీలో ప్రతివాదుల పేర్లు పొడవుగా ఉంటాయి, చాలామంది దాన్ని చదవకుండా పైనున్న ఒక్క పేరుకే పంపుతారు.

గడువు: వేలం జరిగిన తేదీ నుంచి రెండేళ్ళు నిండే రోజుకు *ముందు* పిటిషన్ పడాలి. అంటే మీకు 2027 జూన్ 2 ఆఖరు. జూన్ 3 అనుకుని కూర్చోకండి. జమైన జూన్ 20 నుంచి లెక్కపెట్టకండి. నోటీసు తిరిగొచ్చింది కాబట్టి గడువు పెరుగుతుందని కూడా అనుకోకండి. 25 డాలర్లకు మించి మిగిలితే, సొమ్ము అందిన 31వ రోజుకు ముందే క్లర్కు తనకు తెలిసిన ఆఖరి చిరునామాకు సర్టిఫైడ్ మెయిల్ పంపాలి. అది పంపితే క్లర్కు పని అయిపోయింది. గడువు దాటితే సొమ్ము అన్‌క్లెయిమ్డ్ ప్రాపర్టీ ఖాతాకు పోయి మీకోసం ఎదురుచూడదు. ఆ వేలంలో ఉన్న స్కూల్ డిస్ట్రిక్ట్, సిటీ, కౌంటీ వగైరా పన్ను సంస్థలే దామాషాలో పంచేసుకుంటాయి. రెండేళ్ళూ కోర్టులో మూలుగుతున్నా మీకు వడ్డీ కూడా రాదు.

కొత్త దావా అక్కర్లేదు. పాత పన్ను కేసు నంబరులోనే, డిక్రీ ఇచ్చిన అదే కోర్టులో పిటిషన్ వేస్తారు. జతచేయాల్సినవి: ప్లాటు కొన్న డీడ్, డిక్రీ, వేలం తర్వాత కాన్‌స్టేబుల్ దాఖలు చేసిన రిటర్ను (ఎంతకు పోయింది, ఖర్చులెంత అన్నది అందులోనే ఉంటుంది), రిజిస్ట్రీలో జమ చూపే పేజీ, గుర్తింపు కాగితాలు, లియెన్లు తీరినవైతే రిలీజు పత్రాలు. డీడ్ కాపీ కౌంటీ క్లర్కు దగ్గర, కేసు కాగితాలు డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర. రెండూ వేరు ఆఫీసులు, ఒకే కిటికీ దగ్గర అడిగి 'లేదన్నారు' అని తిరిగొచ్చేవాళ్ళు ఎంతోమంది.

ప్రతిపాదిత ఆర్డరు మీరే తయారుచేసి ఇవ్వాలి. 'తగిన వాటా చెల్లించవలెను' అని రాస్తే క్లర్కు చెక్కు రాయలేరు. ఎవరికి, ఎన్ని డాలర్లు, ఎన్ని సెంట్లు, ఏ పేరున, ఏ చిరునామాకు అన్నది ఉండాలి. నోటీసు ఖర్చు క్లర్కు తగ్గించుకోవచ్చు కాబట్టి ఆర్డరుకు ముందు రోజు రిజిస్ట్రీ బ్యాలెన్సు మళ్ళీ అడగండి. ఆర్డరులో 71,500, ఖాతాలో పాతిక డాలర్లు తక్కువ ఉంటే ఆ పాతిక కోసం మళ్ళీ జడ్జి దగ్గరకు వెళ్ళాలి.

ఇక జీపీఏ. ఇది మనవాళ్ళందరికీ ఉన్న భ్రమ. ఊళ్ళో జీపీఏతో రిజిస్ట్రారు ఆఫీసులో అన్నీ నడుస్తాయి కాబట్టి ఇక్కడా నడుస్తుందనుకుంటాం. ఇక్కడ కాగితాలు తెచ్చుకోవడానికి, బ్యాంకు పనికి జీపీఏ సరిపోతుంది. కోర్టులో మరొకరి తరఫున పిటిషన్ వేసి వాదించడం లాయరు పని. మీరు సంతకం చేసి వేస్తే అవతలి లాయరు ఒక్క మాటతో కొట్టేయిస్తాడు. బావగారు తన కోసం తానే వేసుకోవచ్చు, ఈఫైల్‌టెక్సాస్ (కోర్టు కాగితాలు ఆన్‌లైన్‌లో దాఖలు చేసే సైటు) ద్వారా హైదరాబాదు నుంచే. జూమ్‌లో హియరింగుకు ఒప్పుకోవడం ఆ జడ్జి ఇష్టం. కోర్టు కోఆర్డినేటరుకు ముందే మెయిల్ పెట్టి అడగాలి.

---

కృష్ణాతీరం:

చాలా థాంక్సండి ఇద్దరికీ. ఒకటి చెప్పడం మరిచాను. బావగారి నాన్నగారు 2022లో గుంటూరులో పోయారు. వీలునామా లేదు. వాళ్ళమ్మగారు ఉన్నారు, బావగారికి ఒక చెల్లెలు, ఎడిసన్‌లో ఉంటుంది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకున్నాం, ముగ్గురి పేర్లూ ఉన్నాయి. అది చాలు కదా? మన చట్టం ప్రకారం ముగ్గురికీ సమానమే కదా?

---

దస్తావేజు:

అసలు ముడి ఇక్కడుందన్నమాట!

హిందూ వారసత్వ చట్టం ప్రకారమైతే అమ్మ, కొడుకు, కూతురు తలా మూడో వంతు. కానీ భూమి టెక్సాస్‌లో ఉంది. స్థిరాస్తి ఎక్కడుంటే అక్కడి చట్టమే వారసులను తేలుస్తుంది, మనిషి గుంటూరులో పోయినా సరే. టెక్సాస్ ఎస్టేట్స్ కోడ్ ప్రకారం ఆ సగం భార్యాభర్తల కమ్యూనిటీ ఆస్తి (పెళ్ళయ్యాక సంపాదించిన ఉమ్మడి ఆస్తి) అయితే, పిల్లలందరూ ఆ దంపతుల పిల్లలే అయినప్పుడు, అంతా భార్యకే పోతుంది. పిల్లలకు సున్నా. సెపరేట్ ఆస్తి అయితే (ఉదాహరణకు ఆయనకు ఎవరైనా బహుమతిగా ఇచ్చినది) పిల్లలిద్దరికీ వస్తుంది, దానిలో మూడో వంతు మీద తల్లికి జీవితకాలపు హక్కు మాత్రం ఉంటుంది. ఇండియాలో సంపాదించిన డబ్బుతో అక్కడ కొన్నది ఈ రెండిట్లో ఏ గాటన కడతారన్నది లాయరును కూర్చోబెట్టి తేల్చుకోవాల్సిన ప్రశ్న. 30,750 ఎవరిదన్నది మొత్తం దానిమీదే ఉంది. మన తహసీల్దారు ఇచ్చిన సర్టిఫికెట్ వీళ్ళు కుటుంబ సభ్యులు అని చెబుతుంది, ఎవరికెంత అన్నది చెప్పదు.

అమ్మగారికి హక్కు ఉందా అన్నదాంట్లో మాత్రం ఇబ్బంది లేదు. పాత ఓనరు డిక్రీలో ప్రతివాది అయితే, అతనికి మూడో తరగతి వరకు బంధువులు, లేదా వీలునామా వల్లో వారసత్వం వల్లో అతని వాటా పొందినవాళ్ళు క్లెయిము వేయొచ్చని 34.04లోనే ఉంది. భార్య, పిల్లలు, తోబుట్టువులు, మేనల్లుళ్ళ దాకా ఆ లెక్కలోకి వస్తారు. పినతండ్రి పిల్లలు రారు.

అందుకే డిక్రీ తీసి ప్రతివాదుల్లో ఏం రాశారో చూడండి. 'ఫలానావారి తెలియని వారసులు' అని ఉండి యాడ్ లైటంను నియమించి ఉంటే దారి సాఫీ. 2022లో పోయిన మనిషి పేరు మీదే, బతికున్నట్టు, 2024లో డిక్రీ ఇచ్చేసి ఉంటే ఆ డిక్రీ చెల్లుతుందా అన్న పేచీ వస్తుంది. దాన్ని లేవదీయాలా వద్దా అన్నది తొందరపడి తేల్చుకోకండి. వేలం రద్దయితే కొన్నవాడు పైన చెప్పిన వరసలో మొదటికొస్తాడు.

వారసత్వాన్ని కోర్టు ముందు నిలబెట్టడానికి రెండు దారులు. ఒకటి అఫిడవిట్ ఆఫ్ హెయిర్‌షిప్: కుటుంబాన్ని ఎరిగిన, డబ్బులో వాటా లేని ఇద్దరు సాక్షులు ప్రమాణం చేయాలి. కొందరు జడ్జిలు మిగులు సొమ్ముకు ఇది చాలంటారు, కొందరు ఒప్పుకోరు. రెండోది ప్రొబేట్ కోర్టులో వారసత్వ నిర్ధారణ దావా, దానికీ ఇద్దరు సాక్షులు, కోర్టు పెట్టే యాడ్ లైటం ఫీజు అదనం. వెయ్యి డాలర్ల పరిమితి మిగులు సొమ్ము తేవడానికి. వారసత్వ దావా వేరే పని, దాని ఫీజు ముందే కాగితం మీద రాయించుకోండి. సాక్షులుగా బావగారి భార్యను, మిమ్మల్ని పెట్టొద్దు. నాన్నగారి స్నేహితులో, పాత సహోద్యోగులో అయితే మేలు.

మరో గుంట: 'అమ్మ తన భాగం పిల్లలకు రాసిచ్చేస్తుందిలే, ఒక్కరి పేరునే వేద్దాం' అంటారు చూడండి. ఆ రాసిచ్చిన కాగితం కూడా ఓనరు క్లెయిము బదలాయింపే. 80 శాతం, 36 రోజులు అన్న నిబంధనలు దానికీ తగులుకుంటాయని అవతలి లాయరు అంటే జవాబు చెప్పుకోవాలి. ఎవరిది వాళ్ళు వేసుకోండి. డబ్బు చేతికొచ్చాక ఎవరికిచ్చుకున్నా మీ ఇంటి సంగతి.

---

నోటరీ_గల్లీ:

హైదరాబాదు వైపు కాగితాల గురించి నేను రెండు ముక్కలు.

మన నోటరీ ముద్ర ఒక్కటే వేసి పంపితే అమెరికా కోర్టులో దానికి విలువ ఉండకపోవచ్చు. రెండు మార్గాలు. నానక్‌రామ్‌గూడలోని అమెరికన్ కాన్సులేట్‌లో నోటరీ సర్వీసుకు ఆన్‌లైన్ అపాయింట్‌మెంట్ తీసుకోవడం ఒకటి. ముద్రకు 50 డాలర్లు. ఒక పత్రానికి మూడు ముద్రలు పడితే 150. పాస్‌పోర్టు అసలు తీసుకెళ్ళాలి, సంతకం ఆఫీసరు ఎదుటే పెట్టాలి. ఇంట్లోనే సంతకం చేసి తీసుకెళ్తే పని జరగదు, ఖాళీ ప్రింటు ఇంకొకటి సంచిలో ఉంచుకోండి. రెండో మార్గం అపోస్టిల్: స్థానిక నోటరీ, ఆపైన రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆపైన విదేశాంగ శాఖ. భారత్ 2005 నుంచి ఆ ఒప్పందంలో ఉంది కాబట్టి టెక్సాస్‌లో చెల్లుతుంది. మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ లాంటి ప్రభుత్వ పత్రాలకు ఇదే దారి. సర్టిఫికెట్ తెలుగులో ఉంటే ఇంగ్లీషు అనువాదం, అనువదించినవాళ్ళ ధ్రువీకరణ జతచేయాలి.

అయితే అన్నిటికీ నోటరీ అక్కర్లేదు. టెక్సాస్‌లో మామూలు అఫిడవిట్ బదులు, పుట్టిన తేదీ, చిరునామా రాసి, అబద్ధమైతే శిక్షార్హుడినని ఒప్పుకుంటూ సంతకం చేసే డిక్లరేషన్ చెల్లుతుంది. పిటిషన్‌కు మద్దతుగా బావగారు ఇచ్చే వాంగ్మూలానికి అదే చాలు. కౌంటీలో రికార్డు చేయాల్సిన హెయిర్‌షిప్ అఫిడవిట్‌కు మాత్రం నోటరీ తప్పదు.

పేర్ల గొడవ ముందే తేల్చుకోండి. డీడ్‌లో ఇంటిపేరు ఆఖర్న, పాస్‌పోర్టులో మొదట, మరణ ధ్రువపత్రంలో ఒట్టి అక్షరం. మనకు అది ఒకే మనిషి, అక్కడి క్లర్కుకు ముగ్గురు. మూడు రూపాలూ రాసి ఒకే వ్యక్తి అని చెప్పే డిక్లరేషన్ ఒకటి మొదటి రోజే జతచేస్తే ఒక వాయిదా తప్పుతుంది. ఆర్డరులో పేరు బ్యాంకు ఖాతాలో ఉన్నట్టే రాయించండి.

చెక్కు సంగతి కూడా. క్లర్కు ఇచ్చేది డాలర్ చెక్కు. ఇక్కడ కొన్ని బ్యాంకులు విదేశీ చెక్కు తీసుకోవు, తీసుకున్నా కలెక్షనుకు వారాలు పడుతుంది. బావగారికి పాత అమెరికా ఖాతా బతికుంటే మూసేయొద్దు. లేదంటే లాయరు ట్రస్టు ఖాతా ద్వారా అని ఆర్డరులోనే రాయించండి. పన్ను ఫారాలు: ఇప్పుడు అమెరికా ట్యాక్స్ రెసిడెంటు కానివాళ్ళకు డబ్ల్యూ-8బెన్, ఎడిసన్ చెల్లెలుకు డబ్ల్యూ-9. ఆదాయపు పన్నుకు చేతికొచ్చినది మాత్రమే అమ్మకపు ధర అనుకోకండి, వేలం డబ్బుతో మీ బాకీలు తీరాయి కాబట్టి అదీ లెక్కలోకి వస్తుంది. సీపీఏకి (అమెరికా అకౌంటెంటుకు) కాన్‌స్టేబుల్ రిటర్ను చూపించండి.

---

పీచ్‌ట్రీ_పంతులు:

ఈ థ్రెడ్ చూసి జార్జియా వాళ్ళు కూడా అదే రూలనుకుంటారేమోనని రాస్తున్నా. ఒక్కో రాష్ట్రం ఒక్కో తీరు.

జార్జియాలో కోర్టు క్లర్కు కాదు, వేలం వేసిన అధికారే, అంటే ట్యాక్స్ కమిషనరో షెరీఫో, డబ్బు పట్టుకుని ఉంటారు. 30 రోజుల్లో మామూలు పోస్టులో ఓనరుకు, సెక్యూరిటీ డీడ్ (తనఖా పత్రం) ఉన్న బ్యాంకుకు, రికార్డులో ఉన్న ఇతర హక్కుదారులకు నోటీసు. అధికారికి ఎవరికివ్వాలో సందేహమొస్తే ఇంటర్‌ప్లీడర్ (హక్కుదారెవరో తేల్చమనే దావా) వేసి సొమ్ము కోర్టుకు అప్పజెప్పేస్తారు. ఐదేళ్ళ వరకు ఎవరూ రాకపోతే రాష్ట్ర అన్‌క్లెయిమ్డ్ ప్రాపర్టీకి పోతుంది. టెక్సాస్ లాగా రెండేళ్ళకే పన్ను సంస్థలు పంచేసుకోవు. వేలం తర్వాత 12 నెలలు డబ్బు కట్టి ఆస్తిని విడిపించుకునే హక్కు కూడా ఉంది, మొదటి ఏడాది 20 శాతం ప్రీమియం కట్టాలి. తన లియెన్ కాపాడుకోవడానికి విడిపించిన బ్యాంకో హెచ్‌ఓఏనో 'నేను కట్టాను కాబట్టి మిగులులో నాదే మొదటి వాటా' అనేవాళ్ళు. 2017లో జార్జియా సుప్రీం కోర్టు ఆ వాదనకు తలుపు వేసేసింది.

ఫ్లోరిడాలో ట్యాక్స్ డీడ్ వేలం (పన్ను బకాయికి ఆస్తినే అమ్మే వేలం) వేసేది క్లర్కు. ముందు ప్రభుత్వ లియెన్లు తీర్చి, మిగిలినదానికి నోటీసు పంపుతారు. నోటీసు తేదీ నుంచి 120 రోజుల్లో క్లెయిము వేయని బ్యాంకులు, హెచ్‌ఓఏలు ఇక బయటే. ఆ గడువు ఓనరును మాత్రం కొట్టేయదు. మరో విశేషం: హోమ్‌స్టెడ్ (ఓనరు తానే కాపురముంటున్న) ఇంటికి ప్రారంభ బిడ్‌లోనే మదింపు విలువలో సగం కలుపుతారు. అంటే 2,00,000 మదింపు ఉన్న ఇల్లు బకాయిలపైన 1,00,000 కలిపిన ధరకు తక్కువగా మొదలే కాదు. అందుకే అక్కడ సొంతింటి వేలాల్లో మిగులు పెద్దదిగా ఉంటుంది.

---

లియెన్_లింగం:

పంతులుగారూ, నేను ఫ్లోరిడాలో ట్యాక్స్ సర్టిఫికెట్లు (ఓనరు పన్ను బకాయి మనం కట్టి, దానిపై వడ్డీ పొందే పత్రాలు) కొంటుంటాను. మిగులులో సర్టిఫికెట్ హోల్డరుకు ఏమన్నా వస్తుందా?

---

పీచ్‌ట్రీ_పంతులు:

రాదండి. రెండు వేలాలను కలిపేసుకుంటున్నారు. మీరు పాల్గొనే సర్టిఫికెట్ వేలంలో ఆస్తి అమ్ముడుపోదు. 18 శాతం దగ్గర మొదలై వడ్డీ రేటు కిందికి దిగుతుంది, బిడ్డరు కట్టేది సరిగ్గా బకాయి మొత్తమే. అక్కడ మిగులు పుట్టే అవకాశమే లేదు. సర్టిఫికెట్ ఇచ్చిన ఏడాది ఏప్రిల్ 1 నుంచి రెండేళ్ళయ్యాక మీరు ట్యాక్స్ డీడ్‌కు దరఖాస్తు పెడితే రెండో వేలం జరుగుతుంది. అక్కడ మీకు వచ్చేది మీ అసలు, వడ్డీ, దరఖాస్తు ఖర్చులు. పైన ఎంతకు పోయినా అది లియెన్ హోల్డర్లది, ఓనరుది.

న్యూజెర్సీలో ఇంకో మెలిక ఉంది, ఎడిసన్ వాళ్ళు వినండి. అక్కడ వడ్డీ సున్నాకు దిగాక బిడ్డర్లు పైన ప్రీమియం ఇస్తారు. ఓనరు ఐదేళ్ళలోపు విడిపించుకుంటే ఆ ప్రీమియం సర్టిఫికెట్ కొన్నవాడికి తిరిగొస్తుంది, లేదంటే మున్సిపాలిటీకి పోతుంది. అది ఎప్పుడూ ఓనరు మిగులు కాదు. ఓనరు మిగులు కోసం 2024లో అక్కడ చట్టం మార్చారు: ఫోర్‌క్లోజర్ (బకాయి కింద ఆస్తి జప్తు) వచ్చినప్పుడు ఇల్లు వేలం వేయమని ఓనరు అడగొచ్చు. అడగాలి, అదే ముఖ్యం.

---

మిన్నెహాహా:

న్యూజెర్సీలో వచ్చిన ఆ మార్పు వెనక ఉన్నది మా ఊరి కేసే. మినియాపొలిస్‌లో 94 ఏళ్ళ జెరాల్డిన్ టైలర్ అనే ఆమె కాండోకు (సొంత ఫ్లాటుకు) అసలు పన్ను బకాయి 2,300 డాలర్లు, వడ్డీ, పెనాల్టీలతో 15,000 అయింది. హెన్నెపిన్ కౌంటీ దాన్ని 40,000కి అమ్మి మిగతా 25,000 కూడా తనే ఉంచేసుకుంది. 2023 మే 25న అమెరికా సుప్రీం కోర్టు జడ్జిలు తొమ్మిదిమంది ఏకగ్రీవంగా అది పరిహారం లేకుండా ఆస్తి లాక్కోవడమే అన్నారు. అంతకుముందు 2020లో మిషిగన్ సుప్రీం కోర్టు రాఫేలీ కేసులో ఇదే చెప్పింది. అక్కడ బకాయి 8 డాలర్ల 41 సెంట్లు, ఆస్తి 24,500కి పోయింది.

తీర్పు వచ్చింది కదా, డబ్బు దానంతటదే ఇంటికొస్తుందని మాత్రం కాదు. మిషిగన్‌లో మార్చి 31న ఫోర్‌క్లోజ్ అయితే మిగులు నాకు కావాలని చెప్పే ఫారం 5743 జూలై 1 లోపు దాఖలు చేయాలి, అదీ సర్టిఫైడ్ మెయిల్‌లోనో స్వయంగానో. అప్పటికి వేలం కూడా జరిగి ఉండదు, ఎంత మిగులుతుందో తెలియదు, అయినా వేయాల్సిందే. ఆపైన మరుసటి ఏడాది ఫిబ్రవరి 1 నుంచి మే 15 మధ్య సర్క్యూట్ కోర్టులో మోషన్. అమ్మకం ధరలో 5 శాతం కౌంటీ కమిషన్. మొదటి ఫారం తప్పితే రెండోదానికి దారే లేదు.

---

కృష్ణాతీరం:

డిక్రీ కాపీ తెప్పించాను. రెండో ప్రతివాదిగా 'నాన్నగారి పేరు, మరణించినచో వారి తెలియని వారసులు' అని ఉంది, యాడ్ లైటం పేరు కూడా ఉంది. హెచ్‌ఓఏ, బ్యాంకు ఇద్దరూ పార్టీలే.

---

ఫ్రిస్కో_పట్టా:

బాగుంది, పెద్ద అడ్డంకి తొలగింది. ఆ యాడ్ లైటంకు ఫోన్ చేయండి. వారసుల కోసం ఆయన అప్పట్లో ఏం వెతికారో ఫైలులో నివేదిక ఉంటుంది, మీ హెయిర్‌షిప్ సాక్ష్యం దానికి విరుద్ధంగా ఉండకూడదు. బ్యాంకు తీర్పు అబ్‌స్ట్రాక్ట్ (లియెన్ కోసం కౌంటీలో రికార్డు చేసే తీర్పు సారాంశం) ఏ తేదీన రికార్డయిందో కూడా చూడండి. పదేళ్ళు దాటి, మళ్ళీ పునరుద్ధరించకపోతే ఆ 8,000 లియెన్ నిలవకపోవచ్చు. హెచ్‌ఓఏని వేలం తేదీ నాటికి బాకీ ఎంతో విడివిడి పద్దులతో రాతపూర్వకంగా అడగండి. 5,900లో వేలం తర్వాత నెలల చందా కూడా కలిపేసి ఉంటే అది కొన్నవాడు కట్టాల్సింది, మీరు కాదు.